‘తీసేశాను’ అన్న మాట

ఒక మాటను ఏళ్లుగా మోస్తున్నాను. పెద్ద మాటేమీ కాదు, మనందరం రోజూ అనేదే. ఆరేసిన బట్టలు తీసేశాను, గుమ్మంలో చెప్పులు తీసేశాను, లైటు తీసేశాను. నోట్లోంచి వచ్చేటప్పుడు దానికి బరువే లేదు. వచ్చాక వెళ్లి గుండె మీద కూర్చుంది. ఇంతవరకూ దిగలేదు.

మీరెవరో నాకు తెలీదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్లకి చెబుదామంటే, అది ఎవరి నోట పడి ఎవరి చెవికి చేరుతుందో అన్న ఆరా నాలో ముందే మొదలవుతుంది. నేను అనుమానం మనిషిని. కూరగాయలవాడి తక్కెడ దగ్గర్నుంచి పాస్టర్ గారి పలకరింపు దాకా అన్నిట్లోనూ ఏదో ఉందనే అనిపిస్తుంది. నీ నీడ నీ వెంట ఎందుకొస్తోందో కూడా అడిగే రకానివి నువ్వు అని మా ఆయన వేళాకోళం చేసేవారు. ఇప్పుడు మిమ్మల్ని కూడా కాస్త అనుమానిస్తూనే రాస్తున్నాను. పేర్లు మార్చాను. నేనెవరో కనిపెట్టాలని చూడకండి. న్యూజెర్సీలో నాలాంటివాళ్లకు కొదవ లేదు.

పార్సిప్పనీకి కాస్త దూరంలో, గోడౌన్లు వరసగా ఉండే రోడ్డులో, సుధాకర్ గారని మన తెలుగాయన ఒక మాంసం ప్లాంటు నడిపేవారు. కీమా, సీక్ కబాబుల ముద్ద, చికెన్ సాసేజీలు తయారుచేసి, ఫ్రీజ్ చేసి ఇండియన్ షాపులకూ రెస్టారెంట్లకూ పంపేవాళ్లం. మా ఆయన ప్రాజెక్ట్ అయిపోయి ఇంట్లో కూర్చున్న రోజుల్లో నేను అందులో చేరాను. మొదట ప్యాకింగ్‌లో వేశారు. తర్వాత బౌల్ కట్టర్ నా చేతికి వచ్చింది.

మేమంతా దాన్ని ‘గిన్నె’ అనేవాళ్లం. నడుమెత్తున పెద్ద స్టీలు గిన్నె, తాపీగా తిరుగుతూ ఉంటుంది. అందులో ఒక పక్కన కొడవళ్లలా వంగిన కత్తులు. అవి మాత్రం కంటికి ఆనవు, అంత వేగం. గిన్నె మాంసాన్ని మోసుకొచ్చి కత్తులకు అందిస్తూ ఉంటుంది, ముక్కలు కాస్తా ముద్దయిపోతాయి. మధ్యలో ఐసు వేస్తూ ఉండాలి, లేకపోతే ఆ వేడికి కొవ్వు కరిగి ముద్ద విరిగిపోతుంది. టీచరు గారి అమ్మాయిని, కృష్ణా జిల్లాలో మా చర్చి కాయర్‌లో ముందు వరసలో నిలబడి పాడినదాన్ని. ఇక్కడ రబ్బరు బూట్లేసుకుని మాంసం మిషను దగ్గర నిలబడటం మొదట్లో చిన్నతనంగా ఉండేది. కొన్నాళ్లకు ఆ చిన్నతనం పోయి గర్వం వచ్చింది. ఈ మిషను నాది అనుకోవడం మొదలుపెట్టాను. అక్కడే చెడింది.

సాయంత్రం దాన్ని కడగడం ఒక పెద్ద తంతు. గోడకున్న పెద్ద స్విచ్చి కిందికి లాగి కరెంటు ఆపాలి. ఎవరూ మళ్లీ వెయ్యకుండా దానికి తాళం వేయాలి. ఆ తర్వాతే మూత ఎత్తాలి, స్క్రేపరుతో అంటుకున్న ముద్దంతా గీకాలి, మందపాటి గ్లౌజులు వేసుకుని కత్తులు ఒక్కొక్కటీ విప్పాలి. వేడినీళ్లు, నురగ మందు, మళ్లీ నీళ్లు. తిరిగి బిగించేటప్పుడు కత్తి కొసకూ గిన్నెకూ మధ్య ఒక అట్టముక్క దూరేంత సందు ఉండాలి. ఎక్కువైతే మాంసం తెగక నలుగుతుంది, తక్కువైతే కత్తి గిన్నెను గీరుతుంది. తాళం ఒక్కటే ఉండేది, అది నా దగ్గరే ఉండేది. గీకే అమ్మాయికి ఇంకోటి తెస్తానని సుధాకర్ గారు అన్నారు. అక్కర్లేదండీ, నేను చూసుకుంటాను అన్నాను. ఆ తాళం చేతికిస్తే మిషనులో సగం రాసిచ్చినట్టే అనిపించింది నాకు.

గీకే అమ్మాయి పేరు స్వరూప. కరీంనగర్ వైపు నుంచి వచ్చింది. నాకన్నా చాలా చిన్నది. చేరిన రోజు నుంచీ నన్ను అక్కా అనే పిలిచింది. మా వైపు కరెంటు ఆపడాన్ని కట్టెయ్యడం అంటాం, తీసెయ్యడం అంటాం. ఆమె బంద్ చేయడం అనేది. ఫ్యాన్ బంద్ చేసిన అక్కా, నల్లా బంద్ చేసిన అక్కా. నాకు నవ్వొచ్చేది. ఇదేమన్నా రాస్తారోకోనా, బస్సులు ఆగుతాయా, షాపులు మూస్తారా అని అందరి ముందూ ఆటపట్టించేదాన్ని. మొదట్లో తనూ నవ్వింది. తర్వాత్తర్వాత నవ్వడం తగ్గించి, నా ముందు మాత్రం నా మాట వాడటం నేర్చుకుంది. మాట నాది, యాస ఆమెది. తీసేసిన అక్కా. తీసేసినవా అక్కా.

ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. నేను మర్చిపోదామన్నా నావల్ల కావడం లేదు.

ఇక నా దొంగతనం. గిన్నెనంతా కప్పుతూ ఒక మూత ఉంటుంది. ఆ మూత దగ్గర కూడా ఒక చిన్న స్విచ్చి ఉండేది. మూత ఎత్తగానే కరెంటు పోయి కత్తులు ఆగిపోవాలి, దించితే తప్ప మళ్లీ తిరగకూడదు. మనిషి చెయ్యి కాపాడటానికే అది. కానీ ఐసు వేసిన ప్రతిసారీ మూత ఎత్తడం, అది ఆగడం, మళ్లీ మొదలుపెట్టడం. ఆర్డర్లు ఎక్కువున్న రోజున విసుగు పుట్టేది. మూతలో ఉన్న మ్యాగ్నెట్ స్విచ్చికి దగ్గరగా ఉన్నంతసేపే మిషను నడుస్తుందని గమనించాను. మా చర్చిలో కొత్త సంవత్సరానికి బైబిల్ వాక్యం అచ్చేసిన ఫ్రిజ్ మ్యాగ్నెట్ ఇంటికొకటి పంచారు. అది తెచ్చి స్విచ్చికి అంటించాను. పనిచేసింది. ఇక మూత తెరిచి ఉన్నా కత్తులు తిరుగుతాయి. పొద్దున అంటించి, కడగడానికి ముందు పీకేసేదాన్ని. మూత స్విచ్చి తీసెయ్యడం అని నాలో నేను దానికి పేరు పెట్టుకున్నాను. ఎవరికీ చెప్పలేదు.

ఎవరికీ తెలీదనీ అనుకోలేదు. ఒకరోజు స్వరూప మూత దగ్గర వంగి ఏదో చూస్తూ కనబడింది. నన్ను చూసి లేచింది. ఆమె చూపు నా మొహం మీద నిలిచిందా, నాకే అలా అనిపించిందా? ఆ తర్వాత ఒక్కొక్కటే కలుపుకుంటూ పోయాను. కత్తుల సందు ఎంత ఉండాలి, నట్టు ఎటు తిప్పితే బిగుస్తుంది, ఐసు ఎప్పుడెప్పుడు వేస్తారు, ఇలా ఆమె అడగని ప్రశ్న లేదు. సుధాకర్ గారు ఆమెతో ఆఫీసు గుమ్మంలో నిలబడి తగ్గు గొంతుతో మాట్లాడటం చూశాను. నేను వస్తే మాటలు ఆగిపోయేవి. ఇంకేముంది? నాకు ఎసరు పెడుతున్నారు. నా మిషను ఈ పిల్లకిచ్చి నన్ను మళ్లీ ప్యాకింగ్ బల్ల దగ్గరికి పంపిస్తారు. మ్యాగ్నెట్ సంగతి ఈమె ఆయన చెవిన వేస్తే అసలు ఉద్యోగమే ఊడుతుంది. ఇంట్లో మా ఆయన ఇంకా ఖాళీగానే ఉన్నారు. నాకు నిద్ర పట్టేది కాదు. ఆ పిల్ల అక్కా అని పిలిస్తే ఒళ్లు మండేది.

ఒక శుక్రవారం. మధ్యాహ్నం మళ్లీ వాళ్లిద్దరూ మాట్లాడుకోవడం చూశాను. ఈసారి స్వరూప నా మిషను వైపు చెయ్యి చూపించి ఏదో అంది, ఆయన తలూపారు. ఇక ఆ పూటంతా నేను నాలో లేను. కబాబుల ముద్ద ఆఖరి వాయి దించాక ఎర్ర బటన్ నొక్కి గిన్నెను ఆపాను. సింకు దగ్గరికి వెళ్లి, మిషనుకు వీపు పెట్టి గ్లౌజులు కడుక్కుంటున్నాను. గోడ స్విచ్చి లాగలేదు. తాళం నా ఏప్రన్ జేబులోనే ఉంది. మ్యాగ్నెట్ కూడా పీకలేదు. చేతులు కడుక్కొచ్చి చేద్దామనుకున్నానా? మర్చిపోయానా? కోపంగా ఉన్నానని మాత్రమే గుర్తుంది. గోడ స్విచ్చి ఐసు మిషను వెనక ఉంటుంది, గిన్నె దగ్గర నిలబడినవాళ్లకు కనబడదు. కాబట్టి స్వరూప రోజూ నన్ను అడిగేది. ఆ రోజూ అడిగింది.

“అక్కా, స్విచ్ తీసేసినవా?”

“తీసేశాను.”

అంతే. ఇంత చిన్న సంభాషణ. నేను వెనక్కి కూడా తిరగలేదు.

ఆ క్షణంలో నాకు వినబడింది ఏమిటో చెబుతాను. నమ్మినా నమ్మకపోయినా సరే. నాకు వినబడింది కరెంటు ప్రశ్న కాదు. మూత స్విచ్చి తీసేశావు కదూ, నాకు తెలుసులే అని ఎత్తిపొడిచినట్టు వినబడింది. మధ్యాహ్నం ఆయనకు చెప్పింది ఇదేనన్నమాట, ఇప్పుడు నా నోటితోనే చెప్పించాలని చూస్తోంది అనుకున్నాను. తీసేశాను, అయితే ఏం చేస్తావు అన్నట్టుగా జవాబిచ్చాను. పొగరుగా అన్నాను. ఇంతవరకైతే అది పొరపాటు. రెండు స్విచ్చిలున్న గదిలో, ఒకే మాటకు రెండర్థాలు. నేను ఆమె మాటను వెక్కిరించి ఉండకపోతే, ఆమె తన మాటలోనే బంద్ చేసినవా అని అడిగి ఉంటే, దానికి రెండో అర్థమే లేదు. ‘లేదు’ అన్న జవాబు తప్ప నా దగ్గర ఇంకోటి ఉండేది కాదు.

ఇంతవరకే అయితే ఇది మీకు రాసేదాన్ని కాదు.

మూత పూర్తిగా పైకి వెళ్లిన చప్పుడైంది. స్క్రేపరు గిన్నెకు తగిలింది. అప్పుడు అర్థమైంది. ఈ పిల్ల అడిగింది కరెంటు గురించి. రోజూ అడిగే ప్రశ్నే అడిగింది. నేను అవునన్నాను. నాకు తెలిసిపోయింది, ఆమెకు తెలీదు. మా ఇద్దరి మధ్యా ఆ తేడా ఎంతసేపు ఉంది? కుళాయి కింద ఒక గ్లౌజు తిప్పి, రెండోది తిప్పేంత సేపు. వెనక్కి తిరిగి ‘ఉండు’ అంటే చాలు. రెండక్షరాలు. ఎందుకనలేదు? అలా అంటే, ఏ స్విచ్చి తీశావు, ఏది తీయలేదు అని మాట పెరుగుతుంది, మ్యాగ్నెట్ బయటపడుతుంది. అదొకటి. ఎర్ర బటన్ నొక్కానుగా, ఏమవుతుందిలే అనుకున్నాను. అదొకటి. ఈ రెండూ నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. మూడోది ఉంది. దాని దగ్గరికి వచ్చేసరికి ఎప్పుడూ పక్కకు తప్పుకుంటాను. ఇవాళ తప్పుకోను. ఏదైనా అయితే అవనీ, ఒకసారి బెదిరితే మళ్లీ నా మిషను వైపు చూడదు అనుకున్నాను. బెదిరితే చాలనుకున్నాను, ఇంకేమీ కోరలేదు. కానీ అనుకున్నాను.

గిన్నెకు అవతలి అంచు గీకడానికి ఆమె బాగా ముందుకు వంగింది. నడుము మిషను నడిపే ఆకుపచ్చ బటన్‌కు ఆనింది.

ఆ కత్తుల చప్పుడు నాకు బాగా తెలుసు. ఖాళీ గిన్నెలో ఒకలా ఉంటుంది, మాంసంలో ఒకలా. అప్పుడు విన్నది ఆ రెండూ కాదు.

పరిగెత్తాను. ఎర్ర బటన్ కొట్టాను. ఐసు మిషను వెనక్కి వెళ్లి గోడ స్విచ్చి లాగాను. వచ్చి మ్యాగ్నెట్ పీకి జేబులో వేసుకున్నాను. ఆ తర్వాత టవల్ తీసి ఆమె చేతికి చుట్టాను. ఈ వరస సరిగ్గా చూడండి. టవల్ ఆఖరున వచ్చింది. కుడిచేతి రెండు వేళ్లు పూర్తిగా పోయాయి, మూడోది సగం పోయింది. అంబులెన్స్ వచ్చేదాకా ఆమె తల నా ఒళ్లోనే ఉంది. నా ఏప్రన్ జేబులో ఆ మ్యాగ్నెట్ ఆమె చెంపకు గుచ్చుకుంటుందేమో అని కాస్త జరిగి కూర్చున్నాను.

తర్వాత గవర్నమెంటు మనుషులు వచ్చి చూశారు. మూత ఎత్తితే మిషను ఆగుతోంది, స్విచ్చి బాగానే ఉంది. కానీ పాత మిషను కదా, కరెంటు పోయాక కూడా కత్తులు ఊపులో కాసేపు తిరుగుతాయి. అవి ఆగేదాకా చూడకుండా, కరెంటు తీశారో లేదో అడగకుండా ఆమె తొందరపడి చెయ్యి పెట్టిందని తేల్చారు. నన్నూ అడిగారు. నేను సింకు దగ్గర ఉన్నాను, ఆ అమ్మాయి నన్నేమీ అడగలేదు అని చెప్పాను. ఇంగ్లీషులో చెప్పాను. ఇంగ్లీషులో అబద్ధం నాకు తేలిగ్గా వచ్చింది. హాస్పిటల్లో స్వరూప మాత్రం, అడిగిన, అక్క తీసేసిన అన్నది అని చెప్పిందట. అంత నొప్పిలో ఏం గుర్తుంటుంది పాపం అన్నారు అందరూ. నేనూ అన్నాను. సుధాకర్ గారు ఆమెను మళ్లీ పనికి పిలవలేదు. జాగ్రత్త లేని పిల్ల అన్న పేరు ఆమెకు పడింది.

ఆ ఆదివారం చర్చిలో, దేవుడు చేసిన మేళ్లు అందరి ముందూ చెప్పుకునే సాక్ష్యాల సమయంలో లేచి నిలబడ్డాను. మా చర్చిలో నేను చెప్పని సాక్ష్యం లేదు. వీసా వచ్చినప్పుడు, మా ఆయనకు జ్వరం తగ్గినప్పుడు, కారు మంచులో జారి ఆగినప్పుడు, ప్రతిదానికీ లేచాను. ఆ రోజు లేచి, నాతో పనిచేసే సోదరి కోసం ప్రార్థించండి అని ఏడ్చాను. ఏడుపు నిజమే. అందరూ కళ్లు మూసుకుని ప్రార్థించారు. బయట భోజనాల దగ్గర ఒకావిడ నా చెయ్యి పట్టుకుని, మీ మనసు ఎంత మంచిదండీ అంది. నన్ను పరీక్షిస్తోందేమో అని ఆమె మొహంలోకి పరీక్షగా చూశాను. లేదు, నిజంగానే అంది.

కొన్ని వారాలకు సుధాకర్ గారు మాటల్లో ఒక సంగతి చెప్పారు. వేరే రాష్ట్రంలో, ఆష్‌బర్న్‌లో ఉన్న మా అమ్మాయి డెలివరీకి వెళ్లాలి, సెలవు కావాలి అని ఆయన్ను అడిగి పెట్టుకున్నది నేనే. ఆ సెలవులో మిషను చూసుకోవడానికి స్వరూపను తయారుచేస్తున్నారట. మీకు చెబితే, ఆ పిల్లకెందుకు, నేను వెళ్లనులెండి అంటారని చెప్పలేదమ్మా అన్నారు. మ్యాగ్నెట్ మాట ఆయన నోట రాలేదు. ఆమె ఎవరికీ చెప్పలేదు. అసలు చూసిందో లేదో కూడా నాకు తెలీదు. తిరిగొచ్చాక నా మిషను నాకు ఇచ్చేవారా అని ఇప్పటికీ ఒక మూల అనుమానం ఉంది. చూశారా, ఇంత జరిగినా నా బుద్ధి ఎటు పోతుందో.

ప్లాంటు తర్వాత మూతపడింది. స్వరూప ఒక ఇండియన్ షాపులో కౌంటర్ దగ్గర పనిచేస్తోంది, ఎడమచేత్తోనే స్కాన్ చేస్తుంది. మా ఇంటికి వస్తుంది. క్రిస్మస్‌కు తప్పకుండా వస్తుంది. ఎందుకొస్తుంది? అక్క మీద ప్రేమతోనా? తెలిసి వస్తుందా? వంటింట్లో నిలబడి కబుర్లు చెబుతూ ఆ చెయ్యి గట్టు మీద పెడుతుంది. నాకు కనబడాలనే పెడుతుందా? ఆ మ్యాగ్నెట్ మా ఫ్రిజ్ మీదే ఉంది. పారేస్తే ఎవరైనా ఎందుకు పారేశావని అడుగుతారేమోనని మళ్లీ అక్కడే పెట్టాను. ఒకసారి అది వంకరగా ఉందని స్వరూప ఎడమచేత్తో సరిచేసింది. ఆమె నావైపు తిరిగి చూడలేదు. చూడకపోవడం మామూలుగా చూడకపోవడమేనా?

ఇంకోటి కూడా గమనించాను. ఇప్పుడామె తీసేసిన అనదు. మా స్టవ్ దగ్గర నిలబడి, బంద్ చెయ్యనా అక్కా అంటుంది. మళ్లీ తన మాటకు వెళ్లిపోయింది. ఊరికేనా?

కిందటి క్రిస్మస్‌కు వచ్చినప్పుడు, కేకు తింటూ ఉన్నట్టుండి ఆగింది.

“నేను అడగలేదేమో అక్కా. అడిగినట్టే యాదికుంటది. మరి అందరు అడగలేదనే అంటున్రు. నా తొందరతోటే పోయినయేమో వేళ్లు.”

పోనీలే స్వరూపా, పండగపూట అవన్నీ ఎందుకు అని ఇంకో ముక్క కేకు ఆమె ప్లేటులో వేశాను. తినింది. అప్పుడు తెలిసింది నాకు. ఇన్నాళ్లూ ఆమెకు తెలుసేమో అని భయపడుతూ వచ్చాను. ఆమెకు తెలీదు. అంతకంటే ఘోరం, తనకు తెలిసినదాన్ని కూడా ఇప్పుడు నమ్మడం లేదు. నాలో ఉన్న అనుమానమంతా తీసుకెళ్లి ఆమెకు ఆమె మీదే అంటించాను. వేళ్లు మిషను తీసింది. ఈ నమ్మకం మాత్రం పూర్తిగా నేనే తీశాను.

ఆమెకు చెబుతానా? తెలీదు. మీకు చెప్పి ఊరుకోవడం కూడా మళ్లీ జేబులో దాచుకోవడమేనేమో. క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు, ఆ పని మీది కాదు. దేవుణ్ణి అడగాలన్నా ముందు ఈ రెండు ముక్కలు సరిగ్గా పలకడం రావాలి. ఇంగ్లీషులో కాదు, తెలుగులో. ఇన్నేళ్లూ రాలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

స్వరూప అడిగింది. నేను విన్నాను.